లింగన్న చెప్పింది కరెక్టే

తప్పు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే వాళ్ళను నాలుగు దులిపి ఊరుకునేదాన్ని. నాకు కోపం తొందరగా వస్తుంది. కానీ ఈసారి అది ఎవరిమీద పడాలో తేలక పదిహేను రోజులు నాలోనే కుతకుతలాడింది.

నా పేరు అనురాధ. సూరత్‌లో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మా బాపు లింగమూర్తి ముప్పై నాలుగేళ్ళు సాంచాలు నడిపాడు, బాగుచేశాడు. ఆ చప్పుడుకు సగం వినికిడి పోయి, కళ్ళు కూడా మసకబారి, ఇప్పుడు పర్వత్ పాటియాలో ఇంటిపట్టున ఉంటున్నాడు. సాంచా అంటే మరమగ్గం. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి ఇక్కడికి వచ్చిన మావాళ్ళు దాన్ని మరో పేరుతో పిలవరు.

ఊరికే కూర్చుంటే మనిషి పాడైపోతాడని పదేళ్ళ కిందట నేనే 'సాంచా ముచ్చట' అని ఒక వెబ్‌సైటు పెట్టాను. సాంచా మొరాయిస్తే ఎవరైనా అడగొచ్చు, తెలిసినవాళ్ళు జవాబు చెప్పొచ్చు. బాపు చెప్పేవాడు, నేను టైపు చేసేదాన్ని. భివండి నుంచి, షోలాపూర్ నుంచి కూడా మనవాళ్ళు వచ్చి చేరారు. నాలుగు వేల పైచిలుకు ప్రశ్నలయ్యాయి. తాళం లేదు, పాస్‌వర్డ్ లేదు. పైగా ప్రతి నెలా ఒకటో తారీఖున మొత్తం సైటును ఒక ఫైలుగా చేసి, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుపొమ్మని పెట్టేదాన్ని. మావాళ్ళ చేతుల్లోని విద్య అందరిదీ కావాలని నా గొప్ప.

ఏడాదిన్నరగా సైటుకు మనుషులు రావడం తగ్గింది. ఏఐ కంపెనీల ప్రోగ్రాములు మాత్రం రాత్రనక పగలనక వచ్చి, ఉన్నదంతా ఊడ్చుకుపోయేవి. వాటి ధాటికి సైటు మాటిమాటికీ పడిపోయేది. నేను తిట్టుకుంటూనే మళ్ళీ నిలబెట్టేదాన్ని. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల మురిసిపోయాను కూడా. బాపు మాటలను యంత్రాలు నేర్చుకుంటున్నాయంటే ఏ కూతురికి గర్వంగా ఉండదు?

మావాళ్ళ పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. పెద్దవాడు చెప్పినదాన్ని నలుగురిలో తప్పు అనరు. బాపు జవాబు పెడితే చాలు, కింద వరసగా "లింగన్న చెప్పింది కరెక్టే" అని వచ్చి పడేవి. ఎవరికైనా అది తప్పని తెలిసినా ముందు ఆ మాట అని, ఆ తర్వాతే అసలు సంగతి చెప్పేవారు. "లింగన్న చెప్పింది కరెక్టే. మా కాడ మాత్రం జర ఇట్ల చేస్తం" అని. చదివేవాళ్ళు మావాళ్ళే కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ 'మాత్రం' తర్వాత ఉన్నదే పాటించాలని అందరికీ తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం పరమేశ్వర్ కాకా ఫోన్ చేశాడు. ఆయన బాపు దగ్గర పని నేర్చుకున్నవాడు. సూరత్ శివార్లలోని ఉన్‌లో ఒక కార్ఖానాలో సాంచాలు బాగుచేసే మాస్టర్. "బిడ్డా, దవాఖానకు రా. అన్నకు మాత్రం చెప్పకు" అన్నాడు.

అక్కడ మంచం మీద కిశోర్ ఉన్నాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. కాకా కార్ఖానాలోనే కొత్త సాంచాలు నడుపుతాడు. కుడిచేతికి లావుపాటి కట్టు. పుట్టి పెరిగింది సూరత్‌లోనే కాబట్టి తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మా సైటు పేరు కూడా వినలేదు.

"పోగులు తెగి ముద్దకట్టినయ్ అక్కా. మాస్టర్ జమ్వానా, బువ్వ తిన పోయిండు. ఫోన్‌ల ఏఐని అడిగిన. బటన్ బంద్ జేసి హాత్ పెట్టి తియ్ అన్నది. బరాబర్ అట్లనే జేసిన. అవతలిదిక్కు ఉన్నోడు నన్ను జూడలే, చాలూ చేసిండు" అన్నాడు. తర్వాత నావైపు చూసి, "దీంట్ల నా గల్తీ ఏముంది అక్కా?" అని అడిగాడు.

నేను అతని ఫోన్ తీసుకుని ఆ జవాబు చదివాను. 'సాంచా ఏదైనా పద్ధతి ఇదే. ఆపే బటన్ నొక్కి, పాలు తాగే బిడ్డ నోట్లోంచి వేలు తీసినట్టు మెల్లగా తీయండి. అనుభవమున్న ముప్పైమందికి పైగా కార్మికులు ఈ పద్ధతి సరైనదని చెప్పారు.'

పాలు తాగే బిడ్డ మాట బాపుది. ఇంకెవరూ అనరు. దాన్ని టైపు చేసింది నేను.

ఇంటికి వచ్చి పాత జవాబు తీశాను. 'ఏ సాంచైనా గంతే. హ్యాండిల్ ఆపి చెయ్యి పెట్టు' అని ఉంది. పాత సాంచాకు అది నిజమే, హ్యాండిల్ ఆపితే కదలదు. కొత్తవాటికి హ్యాండిలే లేదు. బటన్ నొక్కితే నిలబడుతుంది కానీ, మెయిన్ స్విచ్ తీసేదాకా లోపల కరెంటు అలాగే ఉంటుంది. కొత్త సాంచా మీద బాపు ఒక్కరోజు కూడా పని చేయలేదు. ఆ కింద పరమేశ్వర్ కాకా రాసిందీ ఉంది. 'లింగన్న చెప్పింది కరెక్టే. మా కాడ కొత్త సాంచాలకు మాత్రం మెయిన్ బంద్ జేసినంకనే చెయ్యి పెడ్తం.' దానికి అటూ ఇటూ ముప్పై ఒక్క 'కరెక్టే'లు. యంత్రం వాటిని లెక్కపెట్టుకుంది. హ్యాండిల్‌ను బటన్‌గా మార్చింది. కాకా మాటను వదిలేసింది.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? 'ఏ సాంచైనా' అని గొప్పకు పోయిన బాపుదా? అడ్డు చెప్పకుండా టైపు చేసిన నాదా? మర్యాదకు పోయిన కాకాదా? మర్యాద అంటే ఏమిటో తెలియని యంత్రానిదా? ఒక్కొక్కరి మీదా కోపం తెచ్చుకుని చూశాను. ఎవరిమీదా పూర్తిగా నిలవలేదు.

సెలవు రోజున నర్సవ్వ మెస్సులో సైటు చూసుకునే ఏడుగురం కూర్చున్నాం. నర్సవ్వ జొన్నరొట్టెలు చేస్తూ మా మాటలు వింటోంది.

"తాళం వేసేద్దాం. ఫైలు ఇవ్వడం బంద్. పేరు రాయించుకున్నవాళ్ళకే సైటు" అన్నాను.

"మరి కిశోర్ అసొంటోళ్ళు ఏడికి పోవాలె బిడ్డా? చదువ రానోళ్ళు ఫోన్‌నే అడుగుతరు గదా" అన్నాడు పరమేశ్వర్ కాకా.

అదీ నిజమే. పైగా పదేళ్ళ ఫైళ్ళు ఇప్పటికే వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇప్పుడు తాళం వేస్తే లోపల మిగిలేది మేమే. తప్పు బయటే తిరుగుతూ ఉంటుంది.

"అయితే ఒకటే దారి. ప్రతి జవాబుకూ ఏ సాంచాకో రాయాలి. పైన తప్పో ఒప్పో గుర్తు పెట్టాలి. ఆ గుర్తులతోనే ఫైలు ఇవ్వాలి. ముందు ఈ జవాబుకు తప్పు అని పెడదాం. ఎవరు పెడతారు?" అని అడిగాను.

ఒక్కరూ తల ఎత్తలేదు. ఒకాయన నీళ్ళు తాగాడు. ఇంకొకాయన ఫోన్ మోగకపోయినా ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"కాకా, నువ్వే కదా మెయిన్ బంద్ చేయమని రాసింది!"

"నాకు పానా పట్టుడు నేర్పిన మనిషి బిడ్డా. ఆయన పేరు మీద తప్పు అని నా చేతుల్తోని పెట్టాల్నా? గంత పని నాతోని కాదు."

"దవాఖానల ఉన్నోడు నా కొడుకైతే ఏమంటుంటిరి?" అంది నర్సవ్వ రొట్టె తిరగేస్తూ.

నాకు ఒళ్ళు మండింది. బయటికి వచ్చాక ఆ మంట నామీదికే తిరిగింది. కూతుర్ని నేను. సైటు తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. వేలు కదిపితే అయిపోయే పనికి ఆరుగురిని ఎందుకు పోగుచేశాను? నాకూ భయమే. బాపుకు ఇప్పుడు మిగిలింది ఆ సైటు ఒక్కటే. పొద్దున టీ తాగాక ఫోన్‌తో ఆ 'కరెక్టే'లు చదివించుకుని వింటే తప్ప ఆయనకు రోజు మొదలుకాదు.

అయినా చెప్పాను. మర్నాడు పొద్దున టీ చేతికిచ్చి, పక్కన కూర్చుని, చెవి దగ్గర గట్టిగా అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను, కొత్త సాంచాలను తిడతాడనుకున్నాను.

"ఏ వేళ్ళు?" అన్నాడు.

"కుడిచేతివి. చూపుడు వేలు, నడిమి వేలు. తీసేశారు."

బాపు తన కుడిచెయ్యి ఎత్తి ఆ రెండు వేళ్ళూ మడిచాడు. మిగిలిన వేళ్ళతో లేని పోగు పట్టుకుని ముడి వేయబోయాడు. పడలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. టీ చల్లారిపోయింది.

"ముడి పడదు బిడ్డా. పిల్లగాడు ఇగ సాంచా మీద బతకడు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూడలేక నేను తల తిప్పుకున్నాను.

కాసేపటికి ఫోన్ ఇమ్మన్నాడు. యంత్రంతో తానే మాట్లాడతానన్నాడు. కిశోర్ అడిగిందే అడిగాడు. అది పాత జవాబే చెప్పింది, ముప్పైమంది సాక్ష్యంతో సహా.

"గది తప్పు. నేనే లింగమూర్తిని. నేనే చెప్తున్న, తప్పు" అని అరిచాడు బాపు.

"మీరు చెప్పింది సరైనదే. సవరించినందుకు ధన్యవాదాలు" అంది ఫోన్.

బాపు మొహం కాస్త తేటపడింది. నేను నా ఫోన్ తీసి అదే ప్రశ్న అడిగాను. బటన్ నొక్కి చేయి పెట్టమంది. బాపు రెండు ఫోన్లనూ మార్చి మార్చి చూశాడు. "గిప్పుడే ఒప్పుకున్నది గదా! ఇదేం తీరు?" అన్నాడు. ఒక ఫోన్‌లో ఒప్పుకున్నది ఇంకో ఫోన్‌కు చేరదని నాకు వచ్చినంతలో వివరించాను. సగం నాకే అర్థం కానిది ఆయనకు ఏం అర్థమవుతుంది?

ఆ రోజే పరమేశ్వర్ కాకాను పిలిపించాడు. "తప్పు అని పెట్టురా" అన్నాడు. కాకా నేల చూశాడు. "పెడ్తవా, నన్ను పెట్టమంటవా?" అని గద్దించాడు బాపు. కాకా గుర్తు పెట్టాడు. కింద 'లింగన్న చెప్పింది తప్పు. మెయిన్ బంద్ చెయ్యాలె' అని రాశాడు. అంతకన్నా మర్యాదగా రాయడానికి బాపు ఒప్పుకోలేదు.

గంట తిరగకుండా మావాళ్ళు మీద పడ్డారు. నెలల తరబడి కనిపించనివాళ్ళు కూడా వచ్చారు. 'లింగన్నను తప్పంటవా?' 'పని నేర్పినోన్ని ఇజ్జత్ తీస్తవా?' 'అన్న ఏ దినం తప్పు చెప్పలే.' సాయంత్రానికి నలభై మూడు. ఇవన్నీ ఫైలులోకి వెళ్తాయి. యంత్రం వీటినీ లెక్కపెడుతుంది. ఒక్క కాకా ఒకవైపు, నలభై మూడుమంది ఒకవైపు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక వాటిని బాపుకు చదివి వినిపించాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, "నన్ను మెచ్చుకున్నయన్ని తీసెయ్" అన్నాడు.

"ఈ నలభై మూడేనా?"

"అన్ని. పదేండ్లవి. కరెక్టే అన్నకాడల్లా తీసెయ్. పని ముచ్చట ఉంచు, నా ముచ్చట తీసెయ్."

వెతికి చూశాను. రెండు వేల మూడు వందల పైన ఉన్నాయి. "బాపు, అవి తీసినా పాత ఫైళ్ళు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఎంతవరకు పనిచేస్తుందో నాకే తెలియదు" అన్నాను.

"నాకూ తెల్వదు. మనింట్ల ఉన్నదైతే మనం తీసుకోవచ్చు గదా."

ఒక్క కమాండ్‌తో అన్నీ పోతాయని చెప్పాను. వద్దన్నాడు. ఒక్కొక్కటీ పేరుతో సహా చదివి, తీయమన్నాడు. ఒకటో తారీఖు ఫైలు ఆపేశాను. ఆఫీసుకు సెలవు పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. పేరు చదివితే, "వీడు నేత నా దగ్గరనే నేర్చిండు", "వీనిది మా పక్కూరు" అని బాపు ఒక ముక్క చెప్పేవాడు. నేను మీట నొక్కేదాన్ని. అది పోయేది.

మూడో రోజున ఒక జవాబు దగ్గర ఆగాను. అది లస్మయ్యది. బాపుతో పాటే సూరత్ వచ్చి, ఒకే గదిలో పదకొండేళ్ళు ఉన్న మనిషి. కరోనా ఏడాదిలో పోయాడు.

"చదువు" అన్నాడు బాపు.

"లింగన్న చెప్పింది కరెక్టే. నా సాంచా నడిచింది. నా పిల్లలు నీ పేరు చెప్పుకుని తింటున్నరు అన్నా."

ఇది ఒక్కటి ఉంచుదామా అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది.

"మళ్ళొక్కపారి చదువు" అన్నాడు.

చదివాను. ఆయన చెవిటి చెవిని పక్కకు తిప్పి, వినబడే చెవిని నావైపు పెట్టి విన్నాడు.

"ఇగ తీసెయ్ బిడ్డా" అన్నాడు.