ముప్పై ఒక్క పెట్టెలు

గుయాబేరా చొక్కా ఇస్త్రీ చెయ్యడం తేలిక పని కాదు. ముందు రెండు వరసల సన్న కుచ్చులు, వెనక మూడు వరసలు, పైన కింద కలిపి నాలుగు జేబులు. ఒక్క కుచ్చు పక్కకి ఒరిగినా మా ఆయన కళ్ళు ముందు అక్కడికే పోతాయి. "దెల్ఫీనా, ఇది చొక్కానా, అకార్డియన్ పెట్టెనా?" అంటాడు. నలభై రెండేళ్ళుగా ఇదే జోకు. నలభై రెండేళ్ళుగా తనే నవ్వుకుంటాడు.

ఆ బుధవారం నా మనసు కుచ్చుల మీద లేదు. వరసగా ఇది ఐదో బుధవారం. సంఘం సమావేశాలు మంగళవారం, చర్చి ఆదివారం, ఎవరైనా మాజీ సైనికుడు పోతే ఖాకీ బట్టలు, టోపీ. బుధవారానికి మా ఇంట్లో ఏ పేరూ లేదు. అలాంటిది ఐదు వారాలుగా ఉతికిన చొక్కా, తోమిన బూట్లు, గడ్డం గీసుకున్నాక మెడకి సెంటు. ఎక్కడికని అడిగితే "పని మీద" అన్నాడు. అరవై ఏడేళ్ళ మగవాడు సెంటు రాసుకుని పని మీద వెళ్తున్నాడంటే ఆ పనికి ఒక పేరుంటుందని ఏ ఆడదానికైనా తెలుసు. ఆ ముందు వారం ఫోను నేనే తీశాను. ఒక పడుచు గొంతు, "సెన్యోర్ కాంతూ బుధవారం వస్తున్నారు కదా?" అని అడిగింది. ఎవరమ్మా నువ్వు అనేలోపు అతను వచ్చి నా చేతిలోంచి ఫోను అందుకున్నాడు.

ఎవారిస్తో కాంతూ అంటే శాన్ ఆంటోనియో పశ్చిమ పేటలో తెలియనివాళ్ళు లేరు. కొరియా యుద్ధం నుంచి తొడలో ఇనప ముక్కతో తిరిగొచ్చాడు. వచ్చిన వారానికే, ఒంటి మీద యూనిఫాం ఉండగానే, మెక్సికన్లకి ఇక్కడ క్షవరం చెయ్యం అని మంగలి షాపు కుర్చీలోంచి లేపేశారు. ఆ కుర్చీ కథ వెయ్యి సార్లు చెప్పి ఉంటాడు, ప్రతిసారీ జనం లేచి నిలబడతారు. ఆ కోపంతోనే మాజీ సైనికుల సంఘం పెట్టాడు. మా పిల్లల్ని వెనక బెంచీల్లో కూర్చోబెట్టిన బడి ముందు మూడు రోజులు ఎండలో నిలబడ్డాడు. నిజంగా నిలబడ్డాడు, నేను అబద్ధం చెప్పను. "కుటుంబమే మనిషికి మొదటి దళం" అన్న అతని మాట సంఘం గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆ దళంలో టైపు మిషను నేను.

మొగుడు పోయినవాళ్ళు, కాలు పోయిన కొడుకుల తల్లులు, ఇంగ్లీషు రానివాళ్ళు మా ఇంటికొచ్చేవాళ్ళు. ముందు గదిలో అతని చెయ్యి పట్టుకుని ఏడ్చేవాళ్ళు. "మీ వెనక నేనున్నాను సెన్యోరా" అని వంటింటి వైపు చూపించేవాడు. అక్కడ నుంచి పని నాది. పింఛను ఫారం ఏవేవో అడుగుతుంది. పెళ్ళి ఎక్కడ జరిగింది, చివరి దాకా కలిసే ఉన్నారా, పిల్లలందరూ ఆయన పిల్లలేనా. ఊరికే అడిగితే ఎవరూ నిజం చెప్పరు. కాఫీ పోసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏమీ మాట్లాడకుండా కూర్చుంటే చెప్తారు. చెప్పింది పసుపు కాగితం మీద పెన్సిల్‌తో స్పానిష్‌లో రాసి ఫైలు వెనక గుచ్చేదాన్ని. మళ్ళీ ఇంకోసారి వాళ్ళ నోటితో ఆ మాట చెప్పించకూడదని. ఆ నిజం తెలిస్తేనే ఫారంలో ఏది రాయాలో, ఏది అడిగేదాకా రాయక్కర్లేదో నాకు తెలిసేది. "ఇది ఈ వంటిల్లు దాటదు" అని ప్రతి ఒక్కరికీ మాటిచ్చాను. తర్వాత ఉత్తరం టైపు చేసి ఎవారిస్తో ముందు పెడితే కింద సంతకం పెట్టేవాడు. పైన ఏముందో ఒక్కసారి కూడా చదవలేదు. ఒకసారి, అమాయకంగా, ఈ ఉత్తరం నేనే సంతకం పెట్టనా అని అడిగాను. మా అత్తగారు తోర్తియా రొట్టెలు వత్తుతూ తలెత్తకుండానే అంది: "తలుపులు తెరిచేది నా కొడుకు పేరు. నీ చేతులు తెరిచేది కవర్లే."

ఆ బుధవారం చొక్కా వేసుకుని, గరాజ్‌లోంచి కారు తీసుకుని వెళ్ళాడు. గంజి డబ్బా లోపల పెడదామని గరాజ్‌లోకి వెళ్ళాను. నా ఫైళ్ళ ఇనప అర మీద నెలరోజులుగా ఒక టార్పాలిన్ కప్పి ఉంది. పైకప్పు కారుతోందని చెప్పాడు. ఆ నెలలో ఒక్క చినుకు పడలేదు. నాకెందుకో చెయ్యి ఆగలేదు, టార్పాలిన్ లాగేశాను. అర మొత్తం ఖాళీ. దుమ్ములో శుభ్రంగా, పక్కపక్కనే, పెట్టెలు పెట్టినంత మేర గుర్తులు. లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

ఎదురింటి ఎర్లిందా మా పెద్దమ్మాయికి జ్ఞానతల్లి, నాకు కొమాద్రె. మొగుడు పోయిన ఇరవై ఏళ్ళ నుంచీ అతని పికప్పు ట్రక్కు తనే నడుపుతుంది. ఐదు నిమిషాల్లో, పెట్రోలు బంకు దగ్గర ఆగిన ఎవారిస్తో కారు వెనక ఉన్నాం.

"ఆడదాని కోసమైతే కారు కడిగించుకుని వెళ్తాడే" అంది ఎర్లిందా. "ఆ దుమ్ము చూడు. ఆ కారెక్కే ఆడదానికి చూపైనా ఉండకూడదు, బుద్ధైనా ఉండకూడదు."

"నేను ఎక్కలేదా?"

"నేనన్నది అదే."

నవ్వాను గానీ ఆ ఖాళీ అర కళ్ళ ముందు నుంచి పోలేదు. ఆ పెట్టెల్లో ఎర్లిందా ఫైలు కూడా ఉంది. ఆమె రొడోల్ఫోకి నది అవతల మెక్సికో వైపు చర్చిలో చేసుకున్న మరో భార్య ఉండేది. ఎర్లిందా కూతుళ్ళిద్దరికీ ఈ సంగతి తెలియదు. ఒక పసుపు కాగితానికి తెలుసు, నాకు తెలుసు.

కారు విశ్వవిద్యాలయం గ్రంథాలయం వెనక ఆగింది. ఒక తోపుడు బండి వచ్చింది, పెట్టెలు ఎక్కాయి. ఎవారిస్తో ఎవరికో చెయ్యూపి, అరగంటలో చొక్కా నలక్కుండా తిరిగి వెళ్ళిపోయాడు. అప్పుడు మేం లోపలికి వెళ్ళాం.

బల్ల వెనక ఉన్న అమ్మాయి పేరు మరిసేలా. మా వాళ్ళ పిల్లే. తెల్ల చేతి తొడుగులు వేసుకుంది. ఫోనులో విన్న గొంతు. నేను కాంతూ భార్యనని చెప్పగానే మొహం వెలిగిపోయింది. శనివారం ఎవారిస్తోకి ఏదో సన్మానం ఉందని విన్నాను గానీ, అది దీని కోసమేనని అప్పుడు తెలిసింది. 'ఎవారిస్తో కాంతూ పత్రాల భాండాగారం' అట. శనివారం నుంచి ఎవరైనా వచ్చి చదువుకోవచ్చట. కార్యక్రమం కాగితం నా చేతిలో పెట్టింది. రెండు పేజీల నిండా అతని జీవితం. చివర్లో నా కోసం ఒక వాక్యం: 'భార్య దెల్ఫీనా నలుగురు పిల్లల తల్లి, ఆమె చేసే తమాలెలు పేటంతా ప్రసిద్ధి.'

"తమాలెలు చేసేది నేను" అంది ఎర్లిందా, నా భుజం మీంచి చదువుతూ.

మరిసేలా నాలుగు పెట్టెలు చదివిందట. "ఉత్తరాలకంటే ఈ పసుపు కాగితాలే అద్భుతం సెన్యోరా. మన ఆడవాళ్ళ గురించి ఇలాంటివి ఎక్కడా లేవు. విద్యార్థులు పదేళ్ళు పరిశోధన చేసుకోవచ్చు. ఇవి ఎవరు రాశారని సెన్యోర్ కాంతూని అడిగాను. అప్పట్లో ఎవరో ఒకమ్మాయి సాయం చేసేదన్నారు. పేరు గుర్తు లేదన్నారు. మీకేమైనా గుర్తుందా?"

ఎర్లిందా నా చెయ్యి పట్టుకోకపోతే నేనేం చేసేదాన్నో తెలియదు. వీటిని వెనక్కి తీసుకోవాలంటే ఎలా అని మాత్రం అడిగాను. ఆ అమ్మాయి మొహం మారింది. ఇచ్చినాయన వచ్చి సంతకం పెడితే శనివారం లోపు తీసుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు అంది. ఆమె చేతిలో తెరిచి ఉన్న ఫైలు నాకు తెలుసు. ఆ ఫైలులోని పెద్దకొడుకు ఇప్పుడు మా పేట బడికి ప్రధానోపాధ్యాయుడు. తన తండ్రి ఎవరో అతనికి తెలియదు. బహుశా శనివారం సభలో ముందు వరసలో కూర్చుంటాడు.

తిరిగి వస్తున్నప్పుడు ఎర్లిందా జోకులు వెయ్యలేదు. "నా కూతుళ్ళు చదువుకున్నవాళ్ళు దెల్ఫీనా" అంది ఒకచోట, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "గ్రంథాలయాలకి వెళ్తారు."

సాయంత్రం భోజనం దగ్గర ఎవారిస్తోకి కాల్దో పులుసు వడ్డించి, ఆ పెట్టెలు వెనక్కి తీసుకురమ్మన్నాను. అతను ఆశ్చర్యపోలేదు, దొరికిపోయినందుకు విసుక్కున్నాడు. శనివారం నన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాడట. ఆశ్చర్యపరిచేవాడు ఖాళీ అర మీద టార్పాలిన్ కప్పడు. పసుపు కాగితాల గురించి చెప్పాను. పేర్లు లేకుండా, ఎలాంటి విషయాలో చెప్పాను. రొట్టె తుంచుకుంటూ విన్నాడు.

"వియేహా, అది మన జనం చరిత్ర" అన్నాడు. ముసలిదానా అని ముద్దుగా పిలిచినప్పుడల్లా తర్వాత వచ్చేది ముద్దుగా ఉండదు. "నీ వంటింటి కబుర్లు ఎవరు చదువుతారు? పత్రికలవాళ్ళు వస్తున్నారు. సంతకం పెట్టాను, మాటిచ్చాను. నేను మాట తప్పే మనిషిని కాదు."

"నా మాట సంగతి?"

"నువ్వెవరికి మాటిచ్చావు?"

వెటకారం కాదు. నిజంగానే అతనికి తెలియక అడిగాడు. నలభై ఏళ్ళు పక్క గదిలో కూర్చుని, ఈ గోడకి అవతల ఇంకొకరు ఇంకెవరికో మాటిస్తుంటారని అతనికి తట్టనే లేదు. బతిమాలితే వినడని నాకు అర్థమైంది. అరిస్తే, పెద్దదానివయ్యావు, పడుకో అంటాడు. పిల్లలకి చెప్తే నాన్నకి పేరొస్తుంటే నీకెందుకమ్మా అంటారు. మిగిలింది రెండు రోజులు. అతను చేత్తో ముట్టుకుని కూడా చదవని పెట్టెలు ముప్పై ఒకటి. వాటిలో ఏముందో ప్రపంచంలో పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అంటే వాటిలో ఏముందని నేను చెప్తే అదే ఉన్నట్టు. జీవితంలో ఒక్క ఫారంలో కూడా అబద్ధం రాయని నేను అప్పుడొక అబద్ధం ఆడాను.

"సరే ఉండనీ. నీ ఫైలు కూడా అందులోనే ఉంది."

అలాంటి ఫైలు లేదు. అతని గురించి నాకేమీ తెలియదు. నా ఫైలా, నా మీద ఫైలేమిటి, నీకు మతి పోయిందా అంటాడనుకున్నాను. అప్పుడేం చెప్పాలో కూడా సిద్ధం చేసుకోలేదు.

అతని చేతిలో చెంచా గిన్నె అంచు మీద ఆగిపోయింది. రెండో చేతిలోని రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. తర్వాత, తలెత్తకుండా, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో అడిగాడు.

"ఆమె ఎప్పుడొచ్చింది నీ దగ్గరికి?"

పొద్దున్న నుంచీ ఒక ఆడదాన్ని వెతుకుతూ తిరిగాను. లేదనుకుని ట్రక్కులో నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు ఆమె నా వంటింట్లో, నా బల్ల దగ్గర, మా ఇద్దరి మధ్య కూర్చుంది. లారెడో సమావేశాలా? కార్పస్‌లో ఆ రెండు వేసవులా? మా మూడోవాడు కడుపులో ఉన్నప్పుడు నెలరోజులు ఇంటికి రాలేదే, అప్పుడా? నలభై రెండేళ్ళు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి నా వైపు చూశాయి. అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, అతనికి కాఫీ పోసి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాను.

"ఒక్కతే వచ్చిందా?" అన్నాడు.

నేను నా కాఫీలో చక్కెర కలుపుకున్నాను. కాల్దో సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

గురువారం గ్రంథాలయం తలుపులు తెరిచేసరికి ఎవారిస్తో మెట్ల మీద ఉన్నాడు. కొన్ని కేసులు ఇంకా నడుస్తున్నాయని, శనివారానికి తన పతకాలు, ఫొటోలు ఇస్తానని చెప్పాడట. పెట్టెలు తేవడానికి మూడు ట్రిప్పులు పట్టింది. అతను ఒక ట్రిప్పు దించి ఇంకో ట్రిప్పుకి వెళ్ళొచ్చేలోపు నేనూ ఎర్లిందా పసుపు కాగితాలు ఊడదీశాం. మూడో ట్రిప్పు పెట్టెలు అతను స్నానం చేసి, భోంచేసి వచ్చేలోపే అయిపోయాయి. బతికున్న ప్రతి ఆడదాని కాగితం ఆమె చేతికే ఇవ్వాలని, పోయినవాళ్ళవి ఎర్లిందా వాళ్ళ పెరటి పొయ్యిలో వెయ్యాలని అనుకున్నాం. అన్నీ పిండి సంచిలో పెట్టుకుని ఎర్లిందా ట్రక్కు స్టార్ట్ చేసింది. సంచిలో అందరికంటే పైన ఆమె కాగితమే ఉంది.

నేను చేతులు కడుక్కుని గరాజ్‌లోకి వచ్చేసరికి ఎవారిస్తో తలకిందులుగా పెట్టిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మొదటి పెట్టె తెరిచాడు. కళ్ళద్దాలు ముక్కు చివర. పెదవులు కదుపుతూ యాభై ఎనిమిదో సంవత్సరం ఉత్తరం ఒకటి చదువుతున్నాడు, కొడుకు శవం ఇంకా ఇంటికి రాని ఒక తల్లి తరఫున రాసింది. ఒక పేజీ తిప్పి, వెనక్కి వచ్చి, మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.

"ఇది నువ్వే రాశావా?" అన్నాడు.

"కింద ఎవరి సంతకం ఉంది?"

వీధిలోంచి ట్రక్కు హారన్ వినిపించింది. నేను చెప్పులు వేసుకున్నాను. గుమ్మం దగ్గరికి వెళ్ళాక వెనక నుంచి పిలిచాడు.

"దెల్ఫీనా. నాది ఏ పెట్టెలో ఉంది?"

అతని మోకాళ్ళ చుట్టూ ముప్పై ఒక్క పెట్టెలు ఉన్నాయి. ఒక్కొక్క దానిలో నలభై, యాభై ఫైళ్ళు.

"గుర్తు లేదు" అన్నాను. "మొదటి నుంచీ చదువుకుంటూ రా. ఒక్కటి కూడా వదలకు."