అత్తగారి చేతి కొలత

ఊరంతటికీ పొగలేని పొయ్యిలు వేసేది కోడలు. ఆ కోడలి ఇంట్లో మాత్రం తెల్లారి లేస్తే చాలు, వంటింటి చూరు కిందనుంచి పొగ బుసబుసా బయటికి వచ్చేది! జనం నవ్వకుండా ఉంటారా మరి? మహిళా సంఘం వాళ్ళు ఆమెకు పని నేర్పించి, పొయ్యిలో కట్టెల కింద వేసే ఇనుప జల్లెడలూ పొగగొట్టాలూ ఇచ్చి ఇంటింటికీ పంపారు. మట్టీ ఇటుకలూ ఇంటివాళ్ళు సమకూర్చుకుంటే చాలు, తాను వెళ్ళి కూర్చుని పొయ్యి వేసి వచ్చేది. అందరూ ఆమెను పొయ్యిలమ్మాయి అనేవారు. కానీ పొయ్యిలమ్మాయి సొంత వంటిల్లు అత్తగారి ఏలుబడిలో ఉంది.

ఆ అత్తగారు ససేమిరా అంది. కొత్త పొయ్యి మీద కూరకు రుచి రాదంది. గొట్టం కోసం కప్పుకు కన్నం పెడితే వానకు ఇల్లు కురుస్తుందంది. ఇంకేమీ తోచనప్పుడు, "పొగ లేకపోతే ఇంట్లో మనుషులున్నట్టే ఉండదు" అని కూడా అంది. నోరుందిగా, ఎన్నయినా అంటుంది! అసలు సంగతి వేరు. అది ఆమె ఎవరికీ చెప్పలేదు, చచ్చినా చెప్పదలుచుకోలేదు.

ఆమెకు కళ్ళు కనబడడం లేదు.

ఒక్కసారిగా పోయిన చూపు కాదది. ఏళ్ళ తరబడి పొగలోకి వంగి ఊదీ ఊదీ మొదట కళ్ళు మండాయి, తర్వాత నీళ్ళు కారాయి, ఆ తర్వాత మనుషుల మొహాలు మసకబారాయి. ఇప్పుడు వెలుతురూ నీడా తెలుస్తాయి, అంతే. అయినా తన పాత పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంటే ఆవిడకు చూపుతో పనేముంది? కుడిచేయి చాపితే పొయ్యి నోరు, ఎడమచేయి చాపితే ఉప్పు డబ్బా. మంట ఎంతుందో ముంజేతికి తగిలే సెగ చెబుతుంది, ఎసరు మరిగిందీ లేనిదీ చెవి చెబుతుంది. ఆ పొయ్యి కాస్తా తీసేస్తే చెయ్యి ఎక్కడో పడుతుంది, కాలుతుంది, గుట్టు రట్టవుతుంది. మర్నాటి నుంచీ "మీరు కూర్చోండి" అని చేతిలోంచి గరిటె తీసేసుకుంటారు. వేళకింత పెడతారు, పెట్టరని కాదు. కానీ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన మనిషి, ఎవరో వడ్డించేదాకా కంచం ముందు కాచుక్కూర్చోవాలా? ఆ ఊహకే ఆమెకు ఏడుపొచ్చేది.

అలాంటి మొండిమనిషిని చివరికి మనవరాలి దగ్గు లొంగదీసింది. పిల్ల నాయనమ్మ ఒళ్ళోంచి కదిలేది కాదు. వంట చేస్తున్నంతసేపూ అక్కడే ఆడుకునేది, ఖళ్ళుఖళ్ళున దగ్గేది. ఓరోజు దగ్గీ దగ్గీ ఊపిరాడక నాయనమ్మ మెడ గట్టిగా పట్టేసుకుంది. ఆ చిన్ని డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే ముసలావిడ ప్రాణం విలవిల్లాడింది.

"ఏమే అమ్మాయ్, ఆ దిక్కుమాలిన పొయ్యేదో వేసి తగలెయ్!" అని కోడలి మీద అరిచింది. అరిచిందేగానీ, ఇహ నా పని అయిపోయిందనే అనుకుంది.

కోడలు మట్టి పిసికి, పొట్టు కలిపి, ఇటుకలు తడిపి పెట్టుకుంది. "ముందు మీ కొలత తీయాలి అత్తయ్యా. పీట మీద కూర్చుని కళ్ళు మూసుకోండి" అంది.

అత్తగారు కూర్చోబోయినదల్లా ఆగింది. "కళ్ళెందుకే?"

"మా పద్ధతే అంత. కళ్ళు తెరిచి ఉంటే మనిషి చూసి సర్దుకుంటుంది. మూసుకుంటేనే చేతికి ఎక్కడ అలవాటో తెలుస్తుంది. ఊళ్ళో అందరికీ ఇలాగే తీశాను."

అబ్బ, ఎంత చల్లని మాట! అత్తగారు ఠక్కున కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకున్న చోట ఆవిడకు ఎవరు సాటి? కట్టె పెట్టినట్టు చెయ్యి చాపమంటే చాపింది. గిన్నె దించి పెట్టమంటే పెట్టింది. చెయ్యి పడిన ప్రతిచోటా కోడలు బొగ్గుముక్కతో గీత గీసుకుంది. ఆ గీతల మీదే పొయ్యి లేచింది. గిన్నె దించే చోట ఒక చిన్న అరుగు, పొయ్యి నోటి పక్కన వేలు ఆనించుకోవడానికి మట్టితో ఒక గట్టు.

పొయ్యి ఆరాక అత్తగారు భయంభయంగా మొదటి కట్టె పెట్టింది. చెయ్యి నేరుగా పొయ్యి నోటికే వెళ్ళింది! గిన్నె అరుగు మీదే దిగింది. పొగ గొట్టంలోంచి పైకి పోయింది. పిల్ల పక్కనే కూర్చుని, దగ్గకుండా, పెద్దగా కబుర్లు చెప్పింది. ఆ పూట ఆవిడ అందరికీ కొసరి కొసరి వడ్డించింది. గండం గట్టెక్కిందనుకుని హాయిగా నిద్రపోయింది.

ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే ఆవిడ అత్తగారెందుకవుతుంది! తానే వెళ్ళి పక్కింటి దర్జీ ఆవిడ వాళ్ళ అరుగు మీద చేరి గొప్పలు మొదలుపెట్టింది.

"ఎంతైనా మా కోడలి పనితనమే వేరు. నీక్కూడా కళ్ళు మూయించే కొలత తీసిందిగా? నీ చెయ్యి సరిగ్గా పడిందా?"

దర్జీ ఆవిడ కుట్టుమిషను ఆపింది. "కళ్ళు మూయించడమేంటి వదినా? మీ కోడలు ఊరందరికీ కొలిచింది నా టేపుతోనే. మీ ఇంటికి మాత్రం వద్దని తిరిగిచ్చేసింది."

అత్తగారు పనుందని గొణిగి, గోడ పట్టుకుని ఇంటికొచ్చి, పొయ్యి ముందు కూలబడింది.

కోడలు మట్టిచేతులతో వచ్చేసరికి ఇంకా అలాగే ఉంది.

"కళ్ళు మూయించింది నన్నొక్కదాన్నేనటగా?"

కోడలు గుమ్మం దాటి దగ్గరికొచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"పొయ్యి వేయకముందే ఓరోజు కొత్త చీర కట్టుకుని మీ ముందు అటూ ఇటూ తిరిగాను" అంది కోడలు మెల్లగా. "మీరు ఒక్క వంక కూడా పెట్టలేదు. మీరు! అప్పుడే నాకు తెలిసిపోయింది."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"నీకు నప్పదు" అనేసింది అత్తగారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నాకు కనబడట్లేదే అమ్మాయ్. ఏం కనబడట్లేదు. పిల్ల మొహం కూడా."

ఆ మాట ఆవిడ పైకి అనడం అదే మొదలు. కోడలు పక్కనే చతికిలబడి, చేతికి మట్టి ఉందని కూడా చూసుకోకుండా అత్తగారిని దగ్గరికి తీసుకుంది.

"మరి నన్నెందుకు వండనిచ్చావే? కూర్చోబెట్టి ఉండచ్చుగా?"

"మీ అబ్బాయి కూడా అదే అన్నారు, ఇక అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వకు అని. నేను ఒప్పుకోలేదు. గరిటె తీసేసుకుంటే మీరు బెంగతో పోతారు. నాకు భయమేసింది అత్తయ్యా." కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్దాం. రానంటే ఎత్తుకుపోతాను."

అత్తగారు పొయ్యి గట్టు మీద వేలు రాసింది.

"వెళ్ళాక, ఇహ రాదంటేనో? ఈ చూపు?"

"రాదంటే ఇంటికొచ్చి వంట చేసుకుందురుగాని" అంది కోడలు. "మరి ఈ పొయ్యి ఎవరికని వేశాను?"

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత చెయ్యి చాపి కట్టె అందుకుని, ఎసరు పెట్టింది.