పెద్ద చెట్ల మలుపు దగ్గర

క్యాంపు కుళాయి కింద మాడిన గిన్నె తోముతుంటే చలికి ఆమె వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ప్రయాణం మొదలై ఇది తొమ్మిదో రోజు, మూడో అడవి. టెంటు వేసేదీ పీకేదీ ఆమే, స్టవ్ వెలిగించేదీ ఆమే. "ఇంటి చాకిరీ లేకుండా హాయిగా తిప్పుతున్నాను, ఇంకేం కావాలట?" అని భర్త నిన్న ఫోన్లో వాళ్లమ్మతో అన్నాడు. "వాడికి కోపమే గానీ మనసు వెన్నమ్మా. నువ్వే కాస్త చూసుకుని మసలుకో" అంది అత్తగారు, ఫోను ఈమె చేతికొచ్చాక. ఎనిమిదేళ్లుగా ఆమె చూసుకుంటూనే ఉంది. తలుపు ఎంత గట్టిగా పడిందో విని, ఆ పూట నోరు విప్పొచ్చో లేదో తేల్చుకుంటుంది. స్కూల్లో తోటి టీచర్లు "మీరెంత నెమ్మదండీ" అని మెచ్చుకుంటారు. నెమ్మది కాదది, భయం.

గిన్నెలు సర్ది కారెక్కింది. మ్యాపు చూసే పనీ ఆమెదే. పొగమంచులో పెద్ద చెట్ల వైపు తిరిగే మలుపు దాటిపోయారు. అతను కారు వెనక్కి తిప్పి, చెట్ల మధ్య ఆపి "దిగు" అన్నాడు. చెట్లు చూడ్డానికనుకుని దిగింది.

"ఇప్పుడు దారి వెతుక్కుంటూ నడిచి రా."

కారు వెళ్లిపోయింది. ఫోనూ అందులోనే.

పదిమంది చేతులు కలిపినా చుట్టుకి రాని మానులు. కొసలు కనపడవు, ఎండ నేలకు దిగదు. ఎలుగుబంట్లు తిరిగే చోటని బోర్డు. పుల్ల విరిగిన చప్పుడైతే గుండె ఝల్లుమంది. మానుకి వీపు ఆనించి నిలబడిపోయింది.

గంట తర్వాత ఒక జీపు వచ్చి ఆగింది. నడివయసు ఫారెస్టు గార్డు దిగింది.

"ఒక్కదానివే ఉన్నావేంటమ్మా?"

"మా ఆయన... ఇప్పుడే వస్తారు."

"వెళ్లి ఎంతసేపైంది?"

ఆమె కారు వెళ్లిన దారి వైపు చూసింది. గార్డు తడిమట్టిలో పెద్ద పంజాల గుర్తులు చూపించింది. "ఎలుగువి. పొద్దున్నవే. ఇక్కడ ఉండకు."

ఆమె తలూపింది. అంతలో కారు చప్పుడు. నిద్రలో కూడా పోల్చుకోగల చప్పుడు. తనకు తెలియకుండానే ఆమె వెళ్లి గార్డు వెనక నక్కింది. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, మెల్లగా అంది:

"ఎలుగు అడుగులు చూసి కూడా నువ్వింత భయపడలేదమ్మా."

భర్త అద్దం దించి నవ్వాడు. "ఏంటోయ్, బెదిరిపోయావా? ఊరికే సరదాకి! ఎక్కు, ఇంకా టెంటు వేయాలి. మా ఆవిడ ఉత్త పిరికిది మేడం."

ఈ ఎనిమిదేళ్లలో తన గురించి అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అదేననిపించింది ఆమెకి. కారు దగ్గరికి వెళ్లి, వెనక తలుపు తీసి, తన సంచీ ఫోనూ తీసుకుంది.

"ఏం చేస్తున్నావ్?" అతని గొంతు తగ్గింది. ఆ గొంతు తగ్గితే తర్వాత ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆగకుండా జీపు దగ్గరికి నడిచింది.

"మేడం, బస్సు దొరికేచోట నన్ను దింపుతారా?"

గార్డు జీపు ముందు తలుపు తీసింది. ఎక్కి కూర్చున్నాక కూడా ఆమె భయం తగ్గలేదు. భయపడుతూనే, "బండి పోనివ్వండి" అంది.