దానయ్యమ్మ అంగిట్లో నా కాపురం

నేను ఒక పొరను. ఉల్లిపొరను కాదు, కంటిపొరను అంతకన్నా కాదు. పుండు మీద కప్పే కొల్లాజెన్ పొరను. బొటనవేలి గోరంత ఉంటాను. తెల్లగా, ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా ఉంటాను. చూసినవాళ్ళు దూది ముక్క అనుకుంటారు. అనుకోనివ్వండి. గొప్ప పుట్టుక పుట్టినవాళ్ళు కనబడిన ప్రతివాడికీ వంశం చెప్పుకుంటూ తిరగరు. అయినా మీరు చదవడానికి కూర్చున్నారు గనక చెబుతాను.

నాది సముద్రపు చేపల వంశం. ఒకప్పుడు చేప ఒంటి మీద పొలుసుల్లో ఉండేదాన్ని. మనిషి చేపను కొన్నాక మొట్టమొదట చేసే పని పొలుసు గీకి పారెయ్యడం. అలా పారేసినదాన్ని ఇంకో మనిషి ఏరుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. అక్కడ నన్ను కడిగారు, నానబెట్టారు, మళ్ళీ కడిగారు, చేప వాసన పోయిందని నమ్మకం కలిగేదాకా ఉతికారు. లోపలి సారం తీసి, పొరగా ఆరబెట్టి, క్రిములు చేరకుండా కవరులో పెట్టి మూశారు. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక పళ్ళాసుపత్రి అద్దాల బీరువాలో కూర్చోబెట్టారు. వీధి పిల్లి కూడా వద్దన్న వస్తువును ఇప్పుడు చేతులకు తొడుగులు లేనిదే ముట్టుకోరు! మనిషికి ఏ వస్తువు విలువైనా కవరులో పెడితేగాని తెలిసిరాదు.

ఆ బీరువాలో మిషన్ల రొద వింటూ, వచ్చేపోయే నోళ్ళు చూస్తూ కాలక్షేపం చేస్తుండగా నా జీవితంలోకి మైలపల్లి దానయ్యమ్మ వచ్చింది.

దానయ్యమ్మది చేపల రేవు. పడవ ఒడ్డుకు రాగానే చేపల కుప్ప పక్కన నిలబడి వేలంపాట పాడించడం ఆమె పని. ఆమె కేక వేస్తే ఇంకా ఒడ్డు చేరని పడవలో వాళ్ళు కూడా ఇవాళ్టి ధర తెలుసుకునేవారట. అలాంటి మనిషికి కింది ముందుపళ్ళ దగ్గర చిగురు కిందికి దిగిపోయి, పళ్ళ వేళ్ళు బయటపడ్డాయి. ఇలాగే వదిలేస్తే పళ్ళు ఊడిపోతాయని డాక్టర్ హిమబిందు చెప్పింది.

"పల్ల మీద మోజు కాదు డాకటరమ్మా," అంది దానయ్యమ్మ. "ముందుపల్లు ఊడిపోతే మాట గాలికెల్లిపోద్ది. మాట నేకపోతే నా కుప్పకాడ ఎవుడు నిలబడతాడు? నన్ను సూసి ఏ పడవోడు సేప దించుతాడు?"

ఆమె పాట నిలబడాలంటే పళ్ళు నిలబడాలి. పళ్ళు నిలబడాలంటే చిగురు అతకాలి. అందుకోసమే ఆమె చుట్ట కూడా మానేసింది. మామూలు చుట్ట కాదండీ, అడ్డపొగ. వెలిగించిన కొస నోటి లోపల పెట్టుకుని, పెదాలు మూసుకుని కాల్చడం. సముద్రపు గాలికి ఆరిపోదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఈ సంగతి విన్నప్పుడు డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, ఆమె నోట్లోకి మళ్ళీ దీపం వేసి చూసింది.

ఆపరేషన్ రోజున డాక్టరమ్మ దానయ్యమ్మ అంగిట్లోంచి పల్చటి చర్మం ముక్క తీసి కింది చిగురుకు కుట్టింది. పెరటి గోడలో ఇటుక తీసి వీధి గోడకు పెట్టుకున్నట్టు. మరి పెరటి గోడలో పడ్డ కన్నం సంగతి? అక్కడే నా అవసరం పడింది. కవరు చించి నన్ను ఆ పచ్చిపుండు మీద పరిచి, కదలకుండా రెండు కుట్లు వేసింది. నేను రక్తం పీల్చుకుని, ఉబ్బి, పుండును పట్టుకుని కూర్చున్నాను. కింద కొత్త కండ పుట్టేదాకా కాపలా కాయడం, అది పుట్టాక మెల్లగా కరిగిపోవడం నా ఉద్యోగం. పింఛను లేదు.

"అమ్మా, వేడివీ కారాలూ వద్దు. చల్లగా, మెత్తగా తినండి. గట్టిగా ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు. నాలుకతో కెలకకూడదు. అరవకూడదు. చుట్ట మాట అసలు తలవకూడదు. అంగిట్లో కొల్లాజెన్ పొర పెట్టాను," అంది డాక్టరమ్మ.

దానయ్యమ్మ అన్నిటికీ తలూపింది. డాక్టరు చెప్పినదానికి తలూపడం మనవాళ్ళ మర్యాద. అర్థం కావడంతో దానికి సంబంధం లేదు.

ఇంటి దగ్గర ఆమె తోటికోడలు మసేనమ్మ ఎదురు చూస్తోంది. దానయ్యమ్మ అంటే ఆమెకు ప్రాణం. పైగా ఆ పొద్దున్నుంచే రేవులో పాట ఆమె నెత్తిన పడింది. ఆమె గొంతు ఎంత చిన్నదంటే, వ్యాపారులు ఆమె దణ్ణం పెట్టుకుంటోందనుకుని చెప్పులు విప్పి నిలబడ్డారు. ఆ తర్వాత నవ్వి, చేపల్ని తమకు తోచిన ధరకు ఎత్తుకుపోయారు. ఇలాగైతే వేరే మనిషిని చూసుకుంటామని పడవలవాళ్ళు మొహం మీదే అనేశారు. కాబట్టి అక్క నోరు త్వరగా మానాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది.

మసేనమ్మకు తెలిసిన వైద్యం ఒకటే. మాంసం కుళ్ళకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో ఆ రేవులో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు.

"అప్పా, సేపని ఏటి సేత్తాం? ఉప్పేత్తాం, ఎండేత్తాం, పొగేత్తాం. ఏడాదున్నా సెడదు. నీ నోరు సేప కన్నా గొప్పదేటి?"

ఉప్పు పేరు వినగానే దానయ్యమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఎండకు మాత్రం ఒప్పుకుంది. మర్నాడు ఎండుచేపలు ఆరబెట్టే చోట, చేపల వరసల మధ్య నులకమంచం వేసుకుని, ఆకాశం వైపు నోరు తెరుచుకుని పడుకుంది. మసేనమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ నిలబడింది.

"దానయ్యమ్మత్తా, ఏటి పైకి సూత్తన్నావ్?" అని దారిన పోయేవాళ్ళు అడిగారు.

"సూడ్డం కాదు, ఆరబెడతన్నాం," అంది మసేనమ్మ.

నా అవస్థ ఎవరికి చెప్పుకోను? నేను తడిగా ఉంటేనే పనికొస్తాను. ఎండకు నా అంచు బిగుసుకుని అప్పడంలా లేచింది. ఒక కాకి మంచం కోడు మీద వాలి, మెడ వంచి నా వైపే తేరిపార చూసింది. కాకి చూపులో నాకు పాత బంధుత్వం కనబడింది. మసేనమ్మ కర్ర ఆ క్షణంలో లేవకపోతే ఈ ఆత్మకథ ఇక్కడే ముగిసేది.

సాయంత్రానికి మూడో వైద్యం మొదలైంది. మసేనమ్మ చుట్ట వెలిగించి, బాగా ఎర్రబడేదాకా ఊది, అక్క చేతికిచ్చింది.

"వద్దన్నాది డాకటరమ్మ," అంది దానయ్యమ్మ, పెదాలు కదపకుండా.

"తాగొద్దన్నాది. మనం తాగుతన్నామేటి? పొగేత్తన్నాం," అంది మసేనమ్మ. ఆ వాదన దానయ్యమ్మకు నచ్చింది. నెలల తరబడి చుట్ట ముట్టని మనిషికి ఏ వాదనైనా నచ్చుతుంది.

నిప్పు లోపలికి వచ్చింది. అయ్యా, అమ్మా, నేను మామూలుగా ధైర్యం గలదాన్ని. కానీ ఎర్రటి నిప్పు నెత్తి మీదికి వస్తుంటే, కుట్లతో కట్టేసి ఉంటే, ఎంత వంశం ఉంటే మాత్రం ఏం లాభం? నా ఎండిన అంచు చురుక్కుమంది. నేను పోతే పోయాను, కింద ఇప్పుడిప్పుడే లేస్తున్న లేత కండ మాడిపోతుందే, చిగురు అతకదే, ఈమె పాట పోతుందే అని ఏడ్చాను.

అంతలో దానయ్యమ్మ ముక్కుపుటాలు అదిరాయి. చుట్టను బయటికి లాగి ఇసకలోకి విసిరేసింది.

"ఒలే మసేనీ! నా నోట్లో సేప కాల్తన్నాదే!"

"సేపేటప్పా? నువ్వు తిన్నాది సల్లగంజి గదా!"

"నాకు తెలవదేటి? పుట్టినకాడ్నించి సేపల్లోనే ఉన్నాను. ఇది సేపే!"

ఫ్యాక్టరీవాళ్ళు అన్నిసార్లు ఉతికారు గానీ, దానయ్యమ్మ ముక్కు ముందు ఏ ఉతుకూ నిలవలేదు. మర్నాడు పొద్దున్నే తోటికోడళ్ళిద్దరూ ఆసుపత్రిలో ఉన్నారు.

డాక్టరమ్మ దీపం వేసి చూసింది. అంచు మాత్రమే మాడిందనీ, కింద కండ బాగానే ఉందనీ చెప్పి కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత జరిగినదంతా విని, కోప్పడాలో నవ్వాలో తెలియక మాస్కు పైకి లాక్కుంది.

"అవునమ్మా, అది చేప పొలుసుతో చేసిందే. చెప్పాను కదా, కొల్లాజెన్ అని."

"ఏ సేప?"

డాక్టరమ్మ కవరు తెప్పించి అటూ ఇటూ తిప్పింది. "సముద్రపు చేప అని ఉంది."

"సముద్రంలో ఉన్నయ్యన్నీ సముద్రపు సేపలే. సందువా? వంజరమా? ఎప్పుడు పట్టేరు? ఐసేసేరా?"

"అది తెలీదు గానీ అమ్మా, ఎండబెడితే మాత్రం చచ్చిపోతుంది. తడిగా, చల్లగా, కదపకుండా ఉంచాలి. అప్పుడే దాని కింద మీ కండ పెరుగుతుంది."

దానయ్యమ్మ తోటికోడలి వైపు తిరిగి చూసిన చూపుకి, మసేనమ్మ కుర్చీలో ఇంకాస్త చిన్నదైపోయింది.

"అది పచ్చిసేపే! పచ్చిసేపని ఎండేసినావే నువ్వు!"

ఆ రోజునుంచి నా దశ తిరిగింది. ఎండుచేప మర్యాద వేరు, పచ్చిచేప మర్యాద వేరు. చల్లటి మజ్జిగ, చల్లారిన గంజి తప్ప మరొకటి లోపలికి రాలేదు. ఎవరైనా మాట్లాడించబోతే దానయ్యమ్మ వేలితో అంగిటిని చూపించి, లోపల పసిపిల్ల నిద్రపోతున్నట్టు సైగ చేసేది. మసేనమ్మ రోజూ రేవునుంచి ఏడుపు మొహంతో వచ్చి, నోరు తెరిపించి, "ఉందా అప్పా?" అని నన్నే ముందు పరామర్శించేది. నాకు సిగ్గేసేది. కింద కండ పెరిగింది. నేను పని చేసినకొద్దీ తరుగుతూ వచ్చాను. ఒకనాడు మజ్జిగ గుక్కతో పాటు నాలో మిగిలిందంతా కలిసిపోయింది. లేనిదానివి ఎలా మాట్లాడుతున్నావని అడగకండి. ఆమెకు నోరున్నంతకాలం నాకూ నోరుంది.

డాక్టరమ్మ చివరిసారి చూసి సంతోషించింది. "చిగురు చక్కగా అతికింది. అంగిలి మానిపోయింది. ఆ పొర కూడా కరిగిపోయింది. ఇక వెళ్ళి అరుచుకోండమ్మా!"

దానయ్యమ్మ లేవలేదు. "పోనాదా?" అంది. "ఉన్నన్నాలూ సూసుకున్నాను. పోయినప్పుడు నాకు తెలనేదు డాకటరమ్మా." బతికినన్నాళ్ళూ కుప్పలు కుప్పలుగా చేపలు అమ్మిన మనిషి, గోరంత పొలుసు కోసం కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున రేవులో కుప్ప పడింది. వ్యాపారులు చుట్టూ మూగారు. దానయ్యమ్మ పాట మొదలుపెట్టలేదు. వంగి, కుప్పలో ఇంకా కొట్టుకుంటున్న చందువ చేప ఒకదాన్ని వెతికి తీసుకుని, మోకాలి లోతు నీళ్ళలోకి నడిచింది.

"ఏటది? పాటకెట్టవా?" అని వ్యాపారి ఒకడు అరిచాడు.

"ఇది పాటకి కాదు," అంది దానయ్యమ్మ, దాన్ని నీళ్ళలో వదిలేస్తూ.

తిరిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, మొదటి కేక వేసింది. ఒక్క అక్షరం జారలేదు. దూరంగా పడవల మీద తలలు లేచాయి. అడ్డదిడ్డంగా అడుగుదామనుకున్న వ్యాపారులు వరసగా సర్దుకున్నారు. మసేనమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అలాగే నవ్వుతూ నిలబడింది.