దూకనన్న డూప్

నాలుగో అంతస్తు పిట్టగోడ ఎక్కగానే మిడతకి మళ్లీ కడుపులో తిప్పింది.

మిడత అసలు పేరు కాదు. ఎంత ఎత్తు నుంచైనా దూకుతుందని ఫైట్ మాస్టర్ పెట్టిన పేరు. ఈ సినిమాలో హీరోయిన్‌కి ఆమే డూప్. కింద గాలి నింపిన పెద్ద పరుపు, చుట్టూ కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. ఒంటి మీది ఎర్ర గౌను నడుము దగ్గర బిగుసుకుంటోంది. పోయిన వారం సరిపోయిన గౌనే. పొద్దున టీ వాసనకే వాంతి అయింది. రావలసిన నెలసరి రాలేదు. అజీర్తి కావచ్చు. ఎండదెబ్బ కావచ్చు. అదీ కావచ్చు.

అదే అయితే, ఇంత ఎత్తు నుంచి పడితే?

"రెడీ!" ప్రొడక్షన్ మేనేజరు కింద నుంచి మైకులో అరిచాడు.

"నేను దూకను," అంది మిడత.

మాస్టర్ ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. దూకేవాళ్లు వద్దంటే వద్దు, ఎందుకని అడగరు. కారణం చెప్పలేక మొహమాటానికి దూకి నడుము విరగ్గొట్టుకున్నవాళ్లని మాస్టర్ చూశాడు. ఆ కట్టుబాటు మేనేజరుకి పట్టదు. రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటమ్మా, భయమా?"

"కాదు."

"జ్వరమా?"

"కాదు."

అతని చూపు గౌను మీదికి దిగింది. "ఓహో, నీళ్లోసుకున్నావా? ముందే ఏడిస్తే వేరేవాళ్లని పెట్టుకునేవాణ్ణిగా! ఇక నిన్నెవరు పిలుస్తారో చూస్తా."

అవునంటే పని పోతుంది. కాదంటే దూకమంటాడు. తనకే ఇంకా తెలియని సంగతి ముందు వీడికెందుకు చెప్పాలి?

"నా కడుపు సంగతి నీకెందుకయ్యా? పరుపులో గాలుందో లేదో చూసుకో, చాలు."

మేనేజరు పళ్లు నూరి, పక్కనే నిలబడ్డ ఆమె ఆడపడుచు వైపు తిరిగాడు. ఆ పిల్లా డూపే. "నువ్వెక్కు. మీ వదిన పని ఇక నీదే."

మిడత గోడ దిగింది. ఇలాంటి అవకాశం కోసం ఆ పిల్ల ఎన్నాళ్లనుంచో కాచుకుని ఉంది. గోడ దాకా వెళ్లి తొంగి చూసి, వెనక్కి వచ్చేసింది.

"నేనూ దూకను."

"నీకేం రోగం?"

"చెప్పను."

"ఇద్దరికీ ఒకేసారి వేవిళ్లా?" మేనేజరు గోడ పక్కనున్న మాస్టర్ వైపు తిరిగాడు. "మాస్టారూ, విగ్గు పెట్టుకుని మీరే దూకండి!"

"నేనూ దూకనండీ."

"మీక్కూడా కడుపేనా?"

"కారణం అడక్కూడదండీ," అన్నాడు మాస్టర్ మొహం గంటు పెట్టుకుని.

ఆ రోజు షూటింగ్ ఆగిపోయింది. మిడత నేరుగా ఆస్పత్రికి వెళ్లి పరీక్షకి రక్తం ఇచ్చింది. మర్నాడు డాక్టరమ్మ అది కాదని చెప్పి, అరగడానికి మాత్రలు రాసిచ్చింది. మిడత హమ్మయ్య అనుకుంది. మెట్లు దిగుతుంటే మాత్రం ఎందుకో కళ్లు చెమర్చాయి.

ఒళ్లు కుదుటపడ్డాక ఆమే మాస్టర్‌కి ఫోన్ చేసి దూకుతానంది. ఆ ఎత్తు నుంచి దూకేవాళ్లు వేరే దొరక్క మేనేజరు నోరు మూసుకున్నాడు. ఆమె మళ్లీ గోడ ఎక్కేసరికి మాత్రం ఉండబట్టలేకపోయాడు.

"ఇప్పుడైనా చెప్పు. ఆ రోజు అదేనా, కాదా?"

"ఆ రోజు వద్దన్నాను. ఇవాళ సరే అంటున్నాను. పక్కకి జరుగు."

అతను జరిగాడు. ఆమె దూకింది.