వెలుగెక్కువైన వంటిల్లు

తెలుపు.

ఒట్టి తెలుపు.

ఫోను తెర మీద కిటికీ ఉండాల్సిన చోట తెల్లటి పలక ఒకటి. సున్నం కొట్టినట్టు… పాలు పొంగి ఆరినట్టు… చెట్లు లేవు. ఆకాశం లేదు. అడవంతా ఎటో లేచిపోయింది.

వంటిల్లు మాత్రం ఉంది. పొయ్యి ఉంది. పోపుడబ్బా ఉంది. కడగని గిన్నెలు ఉన్నాయి. కడగని గిన్నెలు ఏ ఫోటోలోనైనా వస్తాయి.

అరుణశ్రీ తెర మీది ఆ తెలుపును వేలితో తాకి, మళ్ళీ నొక్కింది.

ఈసారి అడవి వచ్చింది. టేకు ఆకులు వచ్చాయి, ఆకుల మీది ఎండ వచ్చింది, ఎండ మీది నీలం వచ్చింది. వంటిల్లు మునిగిపోయింది. పొయ్యి లేదు. గోడ లేదు. గిన్నెలు లేవు — అందుకు కొంచెం సంతోషం కూడా కలిగింది.

కంటికి రెండూ కనిపిస్తున్నాయి. లోపలి నలుపు, బయటి పచ్చ. ఫోనుకు ఏదో ఒకటే.

ఏదో ఒకటే అనే మాట ఆ ఇంట్లో కొత్త కాదు.

భద్రాచలం పోయే రోడ్డుకు ఎడంగా, బొగ్గు గని మట్టిగుట్టలకూ అడవికీ మధ్య ఒక వరుస ఇళ్ళు. అన్నిటికీ జాలీలే. వరండాకు జాలీ. మెట్లకు జాలీ. బట్టలారేసే చోట నెత్తి మీద కూడా జాలీ. అడవి వెనక్కి జరిగినకొద్దీ కోతులు ముందుకు వచ్చాయి. కోతులు ముందుకు వచ్చినకొద్దీ మనుషులు లోపలికి పోయారు. ఇప్పుడు కోతులే పిల్లాపాపలతో వచ్చి జాలీకి అవతల కూర్చుంటాయి. లోపల మనుషులు తింటుంటే చూస్తాయి. ఒక పల్లీకాయైనా విసరవు. అంత మర్యాద వాటికింకా అబ్బలేదు.

గేటుకు గొళ్ళెం చాలదు. గొళ్ళెం తీయడం కోతులకు వచ్చు. అందుకని తాళం.

తాళంచెవి లోపలే ఉంటుంది కాబట్టి, దీన్ని బంధించడమని ఎవరూ అనరు.

మిగిలింది వంటింటి వెనక కిటికీ. అదొక్కటే అడవి వైపు. పప్పు ఉడికేలోపు ఒక గాలి. బియ్యం ఏరేలోపు ఒక పిట్ట. అంట్లు తోమేలోపు టేకు కొమ్మల్లో ఒక కదలిక… దేనిదో తెలియదు. తెలియనిది ఒకటి ఉండడమే ఆ కిటికీలో గొప్ప. ఇంట్లో మిగతావన్నీ తెలిసినవే.

ఆ కిటికీ జాలీనే ఒక గండుకోతి చింపింది. చింపి లోపలికి చెయ్యి పెట్టి, అత్త పుల్లమ్మ చేతిలోని అరటిపండు లాక్కుంది. పండుతో పాటు మోచేతి మీద ఇంత తోలు కూడా. దవాఖానా, సూదులు, కట్టు.

పుల్లమ్మ కొడుకు శ్రీశైలం గనిలో డంపర్ నడుపుతాడు. రోజంతా నెత్తి మీద ఆకాశం, చుట్టూ దుమ్ము. అతనికి ఇల్లంటే నిద్ర. నిద్రంటే చీకటి. పగటి వెలుగులో వంటిల్లు ఎట్లా ఉంటుందో అతను ఎన్నడూ నిలబడి చూసింది లేదు.

“ఐతారం జైరాంను పిలుస్తున్న,” అన్నాడు. “ఆ కిటికీకి రేకు కొట్టిస్త.”

“రేకు కొడితే చీకటైతది గదా,” అంది అరుణశ్రీ.

“లైటున్నది. పెద్దది తెస్త.”

“గాలి?”

“ఫ్యానున్నది.”

“అడవి?”

శ్రీశైలం ఆమె వైపు అదోలా చూశాడు. లైటుకు లైటు ఉంది, గాలికి ఫ్యాను ఉంది. అడవికి బదులు ఏం కొనుక్కురావాలో తోచలేదు.

“అడవితోని నీకేం పనే?”

చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. ఇతను తల్లి చేతికి కట్టు మార్చి, మందు రాసి, అన్నం కలిపి పెట్టి, ఆ తర్వాత కిటికీ మూయిస్తానంటున్నాడు.

చెప్తే వినడు. చూపిస్తే చూస్తాడు. ఫోనులో ఏది వచ్చినా చూస్తాడు — పాము ముంగిస కొట్లాట నుంచి పక్క దేశం ప్రధాని పెళ్ళి దాకా.

కాబట్టి ఫోనులోనే చూపించాలి. ఆదివారం లోపల. తను రోజూ చూసే చూపు… లోపల నలుపు, బయట పచ్చ, రెండూ ఒకే చోట. ఆ నలుపులో ఆ పచ్చ ఎంత విలువైందో ఒక్కసారి చూస్తే…

యూట్యూబులో గడ్డం మనిషి ఒకాయన చెప్పాడు. దీన్ని హెచ్‌డీఆర్ అంటారట. వెలుగు కోసం ఒకటి, నీడ కోసం ఒకటి, నడుమ ఒకటి — మూడు ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పరిచి కలపాలి. దోసె మీద దోసె వేసినట్టే. షరతు ఒక్కటే.

కదలొద్దు. ఏదీ కదలొద్దు.

వంటింట్లోనా? ఆయన వంటింట్లోకి వెళ్ళి ఎన్నాళ్ళయిందో.

ఉప్పుజాడీకి ఫోనును ఆనించి, టైమరు పెట్టి, పరుగెత్తి కిటికీ పక్కన నిలబడింది. పీట మీద పుల్లమ్మ, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. కిటికీ అవతల గండుకోతి, తన ఫోటో తనే తీయించుకుంటున్నంత దర్జాగా.

మొదటి ఫోటోకి కోతి కూర్చుంది. రెండోదానికి లేచింది. మూడోదానికి లేదు.

మొదటి ఫోటోకి అరుణశ్రీ నిలబడింది. రెండోదానికి కుక్కర్ కూత వేసింది. మూడోదానికి ఆమె చెయ్యి స్టవ్ మీద ఉంది, మిగతా ఆమె దారిలో ఉంది.

మూడూ కలిపింది.

కోతి పొట్టలోంచి టేకుచెట్టు కనిపించింది. అరుణశ్రీ నడుములోంచి గ్యాస్ సిలిండర్ కనిపించింది.

ఆ యాప్‌లో ఒక మీట ఉంది. కదిలినవాటిని తుడిచేసేది. దయ్యాల తొలగింపు అని పేరు. నొక్కింది. కోతి పోయింది. ఆమె కూడా పోయింది. పుల్లమ్మ మాత్రం చెక్కుచెదరలేదు, కట్టు మీది దారప్పోగుతో సహా.

పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఈ వంటింట్లో తను కదలని క్షణం లేదు. కాబట్టి తను లేదు. లెక్క సరిపోయింది.

పుల్లమ్మ తల వంచి ఫోనులోకి చూసింది. “గదేందే? నేనున్న, పొయ్యున్నది, కుక్కరున్నది… నువ్వేవి?”

“కుక్కర్ కట్టేసెటందుకు పోయిన అత్తమ్మా.”

“నీ కొంగు ముక్క మాత్రం ఉన్నది సూడు, ఆడ. దండెం మీద మర్శిపోయినట్టు.”

మర్నాడు గనిలో బ్లాస్టింగ్ అదిరింపుకి ఉప్పుజాడీ వణికింది. మూడు ఫోటోలూ కలిపితే ఒక్క కిటికీకి మూడు కిటికీలు వచ్చాయి. ఆ మర్నాడు ఆవిరి. ఆ మర్నాడు సీతాఫలం తొనలు తింటూ పుల్లమ్మే కదిలింది, ఆమెకు రెండు మూతులొచ్చాయి.

ఫోటో ఒక ఎత్తు. దిద్దడం ఒక ఎత్తు.

నీడల మీట కుడికి జరిపితే చీకట్లోంచి ఒక్కొక్కటే లేచి వచ్చేవి. మసి పట్టిన గోడ. చూరు మూలన సాలెగూడు — దాన్ని మళ్ళీ చీకట్లోకి నెట్టింది. ఇంకొంచెం జరిపితే పీట. పీట మీద పుల్లమ్మ. పుల్లమ్మ ముఖం. ఇంకొంచెం… ఆమె కళ్ళు.

ఆ కళ్ళు కిటికీలోకి చూస్తున్నాయి.

రేకు కొట్టించరా కొడుకా అని మొదట అడిగిన కళ్ళు. కోతి వస్తుందేమోనని చూస్తున్నాయా… కాదా… అంత దూరం ఏ మీటా జరగలేదు.

మరీ కుడికి జరిపితే ఆకులు చిలకపచ్చగా మండేవి, ఆకాశం ఇంకు సీసాలా అయ్యేది, కిటికీ చుట్టూ దేవుడి పటానికున్నట్టు వెలుగు వలయం. వెనక్కి జరిపింది. ముందుకు. వెనక్కి. కూరలో ఉప్పు చూసినట్టు… ఇంకాస్త… చాలు… అయ్యో ఎక్కువైంది…

శనివారం మధ్యాహ్నం కుదిరింది.

గాలి లేదు. కుక్కర్ లేదు. కోతి లేదు. పుల్లమ్మ పీట మీద రాయిలా. అరుణశ్రీ ఊపిరి బిగబట్టి, ఫోను వెనక.

లోపల గోడ, గోడ మీది మసి, ఇత్తడి చెంబు మీద జారిన వెలుగు. బయట అడవి, ఆకు మీద ఆకు, ఆ వెనక ఇంకో ఆకు. రెండూ ఉన్నాయి. ఏదీ దేన్నీ మింగలేదు.

అచ్చం కంటికి కనిపించినట్టే. కాదు — కంటికి కనిపించిన దానికన్నా ఒక్క పిసరు ఎక్కువే. ఆ పిసరు పనితనం.

శ్రీశైలం మంచం మీద ఒత్తిగిలి ఫోను తీసుకున్నాడు. చూశాడు. రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

ఆమె ముందుకు వంగింది. చూస్తున్నాడు… చూస్తున్నాడు…

“వారెవ్వా,” అన్నాడు. “గింత వెలుగున్నదా మన వంటింట్ల!”

ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు.

“పోపుడబ్బా మీది అక్షరాలు గూడ కనవడ్తున్నయ్ గదనే! చీకటి చీకటి అని ఊకె మొత్తుకుంటివి. కిటికీ మూసినా ఇందుల సగం వెలుగన్న ఉంటది. నేనే గాబరా పడ్డ.”

“అది… మూడు ఫోటోలు కలిపి తీసిన. నీడలు నేనే లేపిన. అసలు గట్ల ఉండదు.”

“ఉండకపోతే ఫోటోల ఎట్ల వచ్చింది?”

అసలుది చూపించింది. కలపనిది. దిద్దనిది. నల్లటి వంటింట్లో మండుతున్న ఒక్క కిటికీ.

అతను పరీక్షగా చూశాడు. ఫోను తిప్పి వెనక అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచాడు.

“కింద పడేసినవా ఏంది? కెమెరా ఖరాబైనట్టున్నది.”

మంచి ఫోటోను షిఫ్టు వాళ్ళ గ్రూపులో పెట్టాడు. ఇది ఏ రిసార్టు అన్నా, కిరాయి ఎంత అని ఎవరో అడిగారు. అతను మురిసిపోయి ఆమెకు చూపించాడు. నిజంగానే మురిసిపోయాడు. నిజంగానే ఆమె కోసమే మురిసిపోయాడు.

అబద్ధం చెప్పలేదు తను. చీకట్లో ఉన్నవన్నీ కనిపించేలా చేసింది. చేసేసరికి చీకటి లేకుండా పోయింది.

ఆదివారం జైరాం వచ్చాడు. రేకు తెచ్చాడు. డ్రిల్లు తెచ్చాడు. మూలకొక స్క్రూ. అడవి ముందు కుడివైపు పోయింది, తర్వాత ఎడమవైపు పోయింది, చివరికి ఒక సందులా నిలిచి… అదీ పోయింది.

శ్రీశైలం లైటు తేవడానికి బజారుకు పోయి ఉన్నాడు.

“తమ్మీ, నడుమల ఒక బొక్క కొట్టు,” అంది అరుణశ్రీ.

“ఎందుకక్కా?”

“గరిటె తగిలిచ్చుకుంట.”

“గరిటెకు మేకు గావాలె గానీ బొక్క ఏం జేస్తదక్కా?”

“ముందుగాల బొక్క కొట్టు. మేకు సంగతి నేను సూసుకుంట.”

జైరాం తల గోక్కుని కొట్టాడు. పెసరగింజంత. ఎందుకడిగిందో ఆమెకూ తెలియదు. మొత్తం ఇచ్చేయడానికి మనసొప్పలేదు, అంతే.

కొత్త లైటు వెలిగింది. వంటిల్లు దవాఖానాలా తెల్లబడింది. గిన్నెలకు నీడల్లేవు. ఆమెకు నీడ లేదు.

సోమవారం. అన్నాలయ్యాయి. ముందు గదుల్లో పడమటి ఎండ. చల్లగా ఉంటుందని అత్తాకోడళ్ళు వంటింటి బండల మీద చేరి, వేడి రాకుండా తలుపు దగ్గరగా వేశారు.

“ఆ లైటు ఆర్పవే తల్లీ. కండ్లు గుంజుతున్నయ్.”

ఆర్పింది.

చీకటి. చిక్కటి, మూతపెట్టిన చీకటి. రేకు నడుమ ఒక చుక్క.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. తర్వాత పుల్లమ్మ గొంతు, మెల్లగా.

“అరుణా… గోడకేమైందే?”

ఎదురు గోడ మీద ఏదో ఉంది. మసి అనుకుంది. మసి కాదు. మసికి రంగు ఉండదు. మసి ఊగదు.

పచ్చ.

చూరు నుంచి కిందికి వేలాడుతున్న పచ్చ. చెట్లు… తలకిందులుగా చెట్లు… వేళ్ళు పైకి, కొమ్మలు కిందికి, కొమ్మల కింద నేల దగ్గర, పప్పుడబ్బాల వెనక, నీలంగా ఆకాశం. గాలి వీచింది, గోడంతా వీచింది.

డిగ్రీలో ఎప్పుడో చదివింది. సూది రంధ్రం, అట్టపెట్టె, తలకిందుల కొవ్వొత్తి. రెండు మార్కుల ప్రశ్న. అట్టపెట్టె లోపల మనుషులుంటారని ఆ ప్రశ్నలో లేదు.

గోడ మీదికి కోతి వచ్చింది. ఆకాశంలోకి తల వేలాడేసుకుని, నేలను పట్టుకుని నడిచింది. పుల్లమ్మ చటుక్కున కట్టు చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. చూసింది. మెల్లగా మళ్ళీ బయట పెట్టింది.

“రావే, ఇప్పుడు గుంజుకో,” అంది కోతితో. “పండు గావాల్నా? రా.”

నవ్వింది. అరుణశ్రీ ఆ నవ్వు ఇంతవరకు వినలేదు.

ఫోను! ఫోను నడింట్లో చార్జింగుకు ఉంది. లేవబోయింది.

“కూసో. తలుపు తీస్తె పోతది.”

నిజమే. తలుపు తీస్తే వెలుగొస్తుంది. వెలుగొస్తే అడవి పోతుంది. అడవి కావాలంటే లోపలే ఉండాలి… తలుపేసుకుని… చీకట్లో… కదలకుండా.

కూర్చుంది.

గేటు చప్పుడైంది. మొదటి షిఫ్టు దిగినట్టున్నాడు. “అరుణా! ఓ అరుణా! గేటు తియ్యే.” జాలీ ఊగిన చప్పుడు. “అమ్మా! పండుకున్నరా ఏంది?”

ఆమె పుల్లమ్మ వైపు చూసింది. పుల్లమ్మ గోడ వైపు చూస్తోంది.

పిలుపు ఆగింది. చెప్పుల చప్పుడు దూరమైంది. వెనక కిటికీ దగ్గరికి రావాలంటే ఇళ్ళ వరుస చివరి దాకా పోయి, చుట్టూ తిరిగి రావాలి. చాలా దూరమే.

అప్పుడు గోడ మీద, చెట్ల మధ్య, ఒక మనిషి.

జానెడు మనిషి. కాళ్ళు పైన, తల కింద. చేతిలో టిఫిన్ డబ్బా ఆకాశంలోకి వేలాడుతోంది. కోతి అతన్ని చూసి పక్కకు జరగలేదు. అతనే జరిగాడు.

పుల్లమ్మ నవ్వు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. అరుణశ్రీ పెదవి కొరుక్కుంది.

తలకిందుల శ్రీశైలం నడుస్తున్నాడు. పెరుగుతున్నాడు. కాళ్ళు చూరుకెక్కాయి. చొక్కా గోడంతా పరుచుకుంది. చెట్లు ఒక్కొక్కటే అతని వెనక్కి పోయాయి. పెద్దవుతున్నాడు… మసకవుతున్నాడు… రేకు మీద వేళ్ళు ఆనిన చిన్న చప్పుడు…

అడవి ఆరిపోయింది.

పెసరగింజంత బొక్కకు అవతల ఊపిరి.

“అమ్మా? అరుణా?” గొంతు మారింది. “ఓ యవ్వ… గింత చీకటేందే లోపల!”

పుల్లమ్మ చెయ్యి చీకట్లో తడుముకుంటూ వచ్చి అరుణశ్రీ మణికట్టు పట్టుకుంది. లేవమనో… వద్దనో…

ఎవరూ కదల్లేదు.

నలుపు. ఒట్టి నలుపు. అందులోకి, ఎండలోంచి వచ్చిన ఒక కన్ను… ఇంకా అలవాటు పడుతూ…