ఎనిమిదో కిటికీ

వరూధినికి పెళ్ళయి పన్నెండేళ్ళు. ఈ పన్నెండేళ్ళలో అత్తవారి కుటుంబం టెంపో ట్రావెలర్ కట్టించుకుని ధర్మస్థల పోయింది, తిరుపతి పోయింది, ఊటీ పోయింది, మైసూరు దసరాకూ పోయింది. అన్నిచోట్లకూ వరూధిని కూడా వెళ్ళింది గానీ, ఒక్కసారైనా దారి చూసిన పాపాన పోలేదు. ఆమె చోటు ఎప్పుడూ ఒకటే. డ్రైవరు వెనకాల, రోడ్డుకు వీపు పెట్టి కూర్చునే మడత సీటు. కాళ్ళ మధ్య ఇడ్లీ డబ్బా, ఒళ్ళో చట్నీ క్యారియరు. ఊటీ ఘాట్ రోడ్డులో ఆమె చూసిందల్లా, ఎదురుగా కూర్చుని వాంతికి సంచి అడుగుతున్న తోడికోడలు బేబీ ముఖమే.

అందుకే ఫోనులో ఆ విమానం బొమ్మ చూడగానే ఆమె మనసు లేచి కూర్చుంది. మాల్దీవుల్లో ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిప్పే చిన్న విమానం. కావాలంటే మొత్తం మనకే అద్దెకిస్తారు. ఇటు నాలుగు సీట్లు, అటు నాలుగు, నడుమ సన్నటి దారి. బొమ్మ కింద 'ప్రతి సీటూ కిటికీ సీటే' అని రాసుంది. వైట్‌ఫీల్డ్‌లోని తన ఆఫీసులో, మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ ముందు పెట్టుకుని, ఆ ఒక్క ముక్కా ఆమె నాలుగైదుసార్లు చదువుకుంది. ఎంత పెద్ద కుటుంబమైనా, ఎంత సర్దుకోమన్నా, ఆ విమానంలో తనకొక కిటికీ దక్కి తీరాలి.

ఇంటికి పెద్ద మునినారాయణప్ప. వరూధిని భర్త హరీశ్‌కు పెదనాన్న. ఇంట్లో వాళ్ళూ వీధిలో వాళ్ళూ అందరూ దొడ్డప్ప అంటారు, వరూధిని ఒక్కతే మామా అంటుంది. వర్తూరులో ఒకప్పుడు ఆయన పండించని రాగి లేదు, తూచి అమ్మని బస్తా లేదు. ఆ చేల మీద ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి. మిగిలింది పాత ఇల్లు, నడవలో బస్తాలు తూచే ఇనుప కాటా. డెబ్బై నిండుతున్నాయి గనుక సముద్రం దాటి రావాలని ఆయనకు బుద్ధి పుట్టింది. వరూధిని చిన్న విమానం సంగతి చెబితే సరేనన్నాడు. ఆ సరే అనడమే ఆమె కొంప ముంచింది.

"ఎనిమిది సీట్లంటే పదిమంది పట్టరా ఏమ్మా?" అన్నాడు మర్నాడే. "పైలట్ పక్కన సీటు ఖాళీగానే ఉంటాది కదా. మన శ్రీనును ఆడ కూర్చోబెడదాం. వాడికి గాలి తగలకుంటే వాంతి."

"విమానంలో అట్లా కుదరదు మామా. ఎనిమిదంటే ఎనిమిదే."

"అడ్జస్ట్ చేసుకోమని చెప్పమ్మా. ఎప్పుడన్నా టెంపో వాడు కాదన్నాడా?"

మేనల్లుడు శ్రీనును విమానంలోంచి దింపడానికి ఆమెకు వారం పట్టింది. చివరికి సరిగ్గా ఎనిమిదిమంది తేలారు. దొడ్డప్ప, ఆయన భార్య దొడ్డమ్మ, వాళ్ళ కొడుకు బసవరాజు, కోడలు బేబీ, వాళ్ళ కూతురు, హరీశ్, వరూధిని, వీళ్ళ కూతురు ప్రియాంక. అక్కడితో అయిందా అంటే, లేదు. ముందు సీటు ఎవరిదని బేబీ, రెక్క పక్కన తాను కూర్చోనని దొడ్డమ్మ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, టికెట్టే లేని విమానంలో సీట్ల కోసం రెండు రోజులు మాటలు మానేసుకున్నారు. తేదీ ఖాయమయ్యేలోగా ఒకసారి అమావాస్య అడ్డొచ్చింది, ఒకసారి బసవరాజు బావమరిది గృహప్రవేశం అడ్డొచ్చింది. మారిన ప్రతిసారీ ట్రావెల్ ఆఫీసులో సమీనాకు ఫోను చేసి బతిమాలుకునేది వరూధినే. ఆఫీసు పని, ఇంటి పని, నడుమ వర్తూరు రోడ్డు ట్రాఫిక్కు, వీటన్నిటి మీదా ఈ విమానం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

హరీశ్‌కు చెప్పుకుంటే, "పెద్దోళ్ళు కదా వరూ, నువ్వే ఎట్లో చూడు," అని టీవీ శబ్దం కాస్త తగ్గించేవాడు. అది అతను చేసే సాయం.

తర్వాత తిండి గొడవ మొదలైంది. దొడ్డప్పకు రోజూ ఒక పూటైనా రాగిముద్ద పడాలి. "ఆడ ఉత్త చేపలంట," అని దొడ్డమ్మ రాగిపిండి పట్టించింది. పిండి వెంట బియ్యం, బియ్యం వెంట పప్పు, చింతపండు, ఊరగాయ జాడీలు, కరెంటు స్టవ్వు, కుక్కరు, ముద్ద కెలికే కర్రా వచ్చి చేరాయి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుందని వరూధిని పళ్ళు నూరుకుంది గానీ, పైకి అనలేదు. అంటే ఊరుకునే ఇల్లు కాదు. సామాను రెండు పెద్ద సంచులయింది. కాటా మీద పెడితే యాభై కిలోలకు పైనే తూగింది.

అప్పుడు సమీనా అసలు బాంబు వేసింది. సమీనాది కడప. బ్రూక్‌ఫీల్డ్‌లోని ట్రావెల్ ఆఫీసులో కూర్చుని వరూధిని విసుగు వినీ వినీ అక్కా అని పిలిచేటంత దగ్గరైంది.

"అక్కా, మనుషుల బరువులు పంపాల. ఒక్కొక్కరిది వేరేగా. చిన్న విమానం కదా, మొత్తం బరువుకు ఒక లెక్క ఉంటాది. దాటితే ఎక్కనియ్యరు."

ఆ సాయంత్రం కాఫీల దగ్గర వరూధిని మాట కదిపింది. ఇల్లు ఒక్కసారిగా గంభీరమైపోయింది.

"నాది యాభై అయిదు రాసుకో," అంది బేబీ. ఆ మాట ఆమె ఏ కాలేజీ రోజుల్లోనో తూచుకుని ఉంటే నిజమే. బసవరాజు తన బరువు తనకు తెలియదన్నాడు. దొడ్డమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"మనిషిని తూచకూడదమ్మా. తూస్తే ఆయుష్షు తగ్గుతాది. ఈ ఇంట్లో కాటా మీద మనిషి కాలు పెట్టింది లేదు, పెట్టబోయేది లేదు. మనిషిని తూచేది దేవుడొక్కడే."

"బస్సు వాడు ఎప్పుడన్నా బరువడిగినాడా?" అన్నాడు దొడ్డప్ప. "వానికి చెప్పు, మేమందరం సన్నంగానే ఉండామని."

అందరూ సన్నంగా ఉన్నారని మాల్దీవులకు కబురంపడం ఎలాగో తెలియక వరూధినికి ఏడుపు వచ్చినంత పనయింది. వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడయ్యేలా తోమింది. బరువులు పోకపోతే బుకింగు లేదు. బుకింగు లేకపోతే మళ్ళీ టెంపో ట్రావెలరే, ఆ మడత సీటే. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతుంటే, దొడ్డమ్మ అన్న చివరి మాట ఆమె బుర్రలో మెరిసింది. మనిషిని తూచేది దేవుడొక్కడే.

మర్నాడు పొద్దున చేతులు కట్టుకుని నిలబడి చెప్పింది. "అత్తా, సముద్రం మీది ప్రయాణం కదా, అందరూ చల్లగా తిరిగి రావాలని మొక్కుకున్నాను. ఇంటిల్లిపాదికీ బెల్లంతో తులాభారం ఇస్తానని."

దొడ్డమ్మ కళ్ళు చెమర్చాయి. "బంగారు తల్లివమ్మా నువ్వు," అంది.

వచ్చిన శనివారం గుడికి వెళ్ళారు. వరూధిని గుడివాళ్ళతో ముందే మాట్లాడుకుంది. బెల్లమంతా కిలో అచ్చులే, ఒకరి తూకం కాగానే అవే అచ్చులు ఇంకొకరికి. దొడ్డప్ప పట్టుపంచెతో తక్కెట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వరూధిని కొంగు బిగించి అచ్చులు ఒక్కొక్కటే అవతలి పళ్ళెంలో పెట్టింది, మనసులో లెక్కపెట్టుకుంది, ఫోనులో వేసుకుంది. తర్వాత దొడ్డమ్మ. తర్వాత బసవరాజు. బేబీ కూర్చున్నప్పుడు అచ్చులు వేసీ వేసీ చేతులు నొప్పిపుట్టాయి. యాభై అయిదు దాటి, అరవై దాటి, డెబ్బై మూడు దగ్గర గానీ పళ్ళెం లేవలేదు. బేబీ కళ్ళు మూసుకుని భక్తిగా దండం పెట్టుకుంటూనే ఉంది. తర్వాత హరీశ్, ఆడపిల్లలిద్దరూ.

"ఇంకెవరైనా ఉన్నారా తల్లీ?" అన్నాడు పూజారి.

"అయిపాయె స్వామీ, అందరూ అయినారు," అంది దొడ్డమ్మ.

వరూధిని కూడా తలూపింది. చేతులు జిగటగా ఉంటే కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయింది.

ఆ మధ్యాహ్నమే బరువులు, సామానుతో సహా, సమీనాకు పంపింది. లెక్కకు లోపే, ఇంకా కొంచెం మిగులుంది. ఇంట్లో పండగైపోయింది. బేబీ టోపీలు కొనుక్కొచ్చింది. వరూధిని ఆ రెండు రోజులూ నిజంగానే సంతోషంగా ఉంది. కిటికీలోంచి కనిపించే నీళ్ళు ఏ రంగులో ఉంటాయో అని ఇంటి పని చేసుకుంటూనే ఆలోచించింది.

సోమవారం సమీనా ఫోను చేసింది. "అక్కా, మీరు పంపింది ఏడుగురి బరువే. ఎనిమిదో ప్యాసింజరు ఎవరు?"

వరూధిని ఫోను చెవికి పెట్టుకునే లెక్కపెట్టింది. దొడ్డప్ప, దొడ్డమ్మ, బసవరాజు, బేబీ, హరీశ్, పిల్లలిద్దరూ. మళ్ళీ లెక్కపెట్టింది. ఆఫీసులో మూడువందలమంది జీతాలు వేసే మనిషి, ఏ ఒక్కరి పేరూ ఏ నెలా మరిచిపోని మనిషి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఇంట్లో వాళ్ళు మరిచిపోయారంటే అలవాటే అనుకునేది. తనను తానే ఎలా మరిచిపోయిందో అర్థంకాక, ఆమెకు తన మీద తనకే చెప్పలేనంత కోపం వచ్చింది.

"ఆ ఎనిమిదో మనిషికి ఒక యాభై వేసుకున్నా నలభై కిలోలకు పైన ఎక్కువైతాది అక్కా," అంది సమీనా. "మనిషైనా తగ్గాల, సామానైనా తగ్గాల. రేపటికి చెప్పండి."

సాయంత్రం అందరూ నడవలోనే ఉన్నారు. కాటా పక్కనే వంట సంచులు రెండూ సిద్ధంగా ఉన్నాయి. వరూధిని చెప్పింది. చెప్పాక ఆగింది. ఎవరో ఒకరు సంచుల వంక చూస్తారనుకుంది.

"నువ్వేమి బరువుంటావు లేక్కా, గాలికి ఎగిరేటట్లుండావు," అని బేబీ నవ్వింది. "అడ్జస్ట్ అయితాది."

"అవ్వదు."

"సామాను తీసేది ఎట్లప్పా?" అంది దొడ్డమ్మ, ఎవరినీ చూడకుండా. "ఆయప్పకు ముద్ద లేకుంటే కడుపు నిండదు."

హరీశ్ గొంతు సవరించుకున్నాడు. "వరూ, నీకు ఆఫీసులో లీవు కూడా కష్టమంటివి కదా. ఈసారికి నువ్వు... ఇంకోసారి మనమిద్దరం పోదాం."

పన్నెండేళ్ళలో ఆ ఇంట్లో ఆమె మింగిన మాటలన్నీ ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి. ఒళ్ళంతా మండింది. అయినా అరవలేదు. అరిస్తే ఆ అరుపు గురించే నెల రోజులు మాట్లాడుకుంటారని ఆమెకు తెలుసు.

"సరే, నేను ఆగిపోతాను," అంది. "ఆడ ముద్ద ఎవరు కెలుకుతారు?"

దొడ్డమ్మ తన మణికట్టు చూసుకుంది. అది బెణికి ఏడాదవుతోంది. బేబీ చేతిలోని కొత్త టోపీ అటూ ఇటూ తిప్పింది. బేబీ ముద్ద కెలికితే ఉండలు కడుతుందని వీధంతటికీ తెలుసు.

"నేను రాకుంటే ఈ సంచులు ఎందుకు? ఈ సంచులు లేకుంటే నేను ఎందుకు రాకూడదు?" అంది వరూధిని. "ఎవరన్నా చెప్పండి."

ఆమె చెప్పులు విడిచి కాటా ఎక్కి నిలబడింది.

"దిగమ్మా, దిగు," దొడ్డమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "మంచిది కాదు, చెప్తే వినాల."

వరూధిని దిగలేదు. కాటా కమ్మీ పైకి లేచి ఊగుతూ టకటకమని కొట్టుకుంటోంది. దొడ్డప్ప దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్ళు రాగి బస్తాలు తూచిన మనిషి. ఊగే కమ్మీని అట్లా వదిలేయడం ఆయన వల్ల కాదు. లేచి వచ్చి, ఎవరి వంకా చూడకుండా, గుండును అలవాటుగా వేలితో జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. కమ్మీ నిలిచింది.

"యాభై రెండు," అన్నాడు. వంగి సరిగా చూశాడు. "యాభై రెండున్నర."

అన్నేళ్ళుగా ఇంట్లో తిరిగే కోడలి బరువు ఇంత ఉంటుందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. గుండు మీది చెయ్యి తీయకుండా, మెల్లగా అడిగాడు.

"నాలుగు దినాలు ముద్ద లేకుంటే ఎట్లుండేదమ్మా నేను?"

"నేను పన్నెండేళ్ళు కిటికీ లేకుండా ఉన్నాను మామా."

కిటికీ ఏమిటో ఆయనకు వెంటనే అర్థంకాలేదు. బసవరాజుకూ కాలేదు. ప్రియాంక మాత్రం, "మడత సీటు తాతా. అమ్మ ఎప్పుడూ దాంట్లోనే కదా," అంది.

దొడ్డప్ప చాలాసేపు సంచుల వంక చూశాడు. ఆయన ముఖంలో కష్టం కనిపిస్తూనే ఉంది. దాన్ని దాచుకోవాలని ఆయన అనుకోలేదు.

"చేపలు తింటాం లే," అన్నాడు ఆఖరికి. "రేయ్ హరీశా, ఆ సంచులు లోపల పెట్టు. అమ్మా, ఆ పిల్లకు ఫోను చెయ్యి, ఎనిమిదో మనిషి బరువు చెప్పు."

"దిగి చెయ్యి వరూ," అన్నాడు హరీశ్ మెల్లగా.

వరూధిని అతన్ని చూసింది గానీ కదల్లేదు. హరీశ్ రెండు సంచులూ ఒకదాని తర్వాత ఒకటి వంటింట్లో పెట్టి తిరిగి వచ్చేదాకా కాటా దిగలేదు.